ఒకే హాల్లో ఇద్దరు చిత్రకారులు: బెజవాడలో జంట ప్రదర్శన కట్టే పద్ధతి

ఒకరి ప్రదర్శనకు వచ్చినవాళ్ళు చిత్రాలు చూస్తారు. ఇద్దరి ప్రదర్శనకు వచ్చినవాళ్ళు పోల్చి చూస్తారు, వద్దన్నా ఆగరు. అందుకే జంట ప్రదర్శనలో దీపం ఎంత వెలగాలి, మేకు ఎక్కడ పడాలి, లేబుల్‌లో ఎవరి పేరు పక్కన 'గారు' ఉండాలి అన్న ప్రతి చిన్న విషయమూ ఒక తీర్పులా కనిపిస్తుంది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అన్న మాట పడకుండా, అలాగని ఇద్దరినీ కొలిచి పంచినట్టు కాకుండా, విజయవాడలోనో గుంటూరులోనో ఒక మ్యూజియం హాల్లో ఈ పని ఎలా చెయ్యాలో వరుసగా చూద్దాం.

1. ముందు ప్రశ్న, తర్వాత పేర్లు

ఇద్దరిదీ ఒకే జిల్లా, ఇద్దరూ ఒకే బ్యాచ్, ఇద్దరికీ డెబ్భై ఏళ్ళు నిండాయి. ఇవి సన్మాన సభకు సరిపోయే కారణాలు. గోడ మీద వీటికి బలం లేదు, ఎందుకంటే చూసేవాడి కంటికి జిల్లా కనిపించదు, గీత కనిపిస్తుంది, రంగు కనిపిస్తుంది.

ఈ వాక్యంలో ఖాళీలు పూరించి చూడండి: "ఇద్దరి ముందూ ఒకే చిక్కు ఉంది, అది ఫలానా, ఒకరు దాన్ని ఇలా విప్పారు, మరొకరు అలా." పూరించిన వాక్యం వేరే ఏ ఇద్దరికైనా అతికితే అది పనికిరాదు. "ఇద్దరూ పల్లె జీవితాన్ని చిత్రించారు" అంటే తెలుగునాట సగం మంది చిత్రకారులు వచ్చేస్తారు.

అభ్యాసం కోసం కె. లక్ష్మా గౌడ్‌ను, తోట వైకుంఠాన్ని తీసుకుందాం. లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో, వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టారు. ఇద్దరూ హైదరాబాద్ తర్వాత బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఇంతవరకూ జీవిత చరిత్రే. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది: కళ్ళారా చూసిన ఊరి మనిషిని లక్ష్మా గౌడ్ ఎచింగ్ సూదితో (ఎచింగ్ అంటే లోహపు రేకు మీద గీసి, ఆమ్లంతో ఆ గీతలు లోతు చేసి, కాగితం మీద అచ్చు తీసే పద్ధతి), నలుపు తెలుపుల్లో, మేకలూ చెట్లూ మనుషులూ పెనవేసుకున్న గీతగా మార్చారు, వైకుంఠం పెద్ద బొట్టు, ఎర్రచీర, నిండు రంగుల పరపుగా మార్చారు. ఒకే గురువు దగ్గర నేర్చిన ఇద్దరిలో ఊరి శరీరం ఒకరికి గీతగానూ మరొకరికి రంగుగానూ ఎందుకు తేలింది? ఈ ప్రశ్నకు గోడ మీద జవాబు చూపించవచ్చు. కింద చెప్పబోయే సాంకేతిక చిక్కులు కూడా చాలావరకు ఈ జంటలోనే ఉన్నాయి, ఒకరిది కాగితం, మరొకరిది క్యాన్వాస్ కాబట్టి.

ఇద్దరికీ పరిచయం ఉండాలన్న నియమం లేదు. 2023లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం స్వీడన్ చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్‌నూ డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్‌నూ పక్కపక్కన పెట్టింది. ఇద్దరూ 1944లోనే పోయారు, జీవితంలో ఎన్నడూ కలుసుకోలేదు. ప్రకృతి దృశ్యాలతో మొదలై అమూర్తానికి (వస్తువుల రూపం లేని ఆకారాలకూ రంగులకూ) చేరిన రెండు దారులను చూపడమే అక్కడ పని.

2. జాబితాను వడకట్టడం

ఒక్కొక్కరివి 30 చొప్పున చిత్రాలను తపాలా కార్డంత సైజులో ప్రింట్ తీయించి పెద్ద బల్ల మీద పరవండి. ఫోన్ తెర మీద ఈ పని చెయ్యకూడదు. తెర మీద ఆరడుగుల క్యాన్వాసూ అరడుగు ఎచింగూ ఒకే సైజులో కనిపించి మోసం చేస్తాయి. కార్డు వెనక అసలు కొలత, మాధ్యమం, సంవత్సరం, ఎవరి దగ్గర ఉందో రాయండి.

పక్కపక్కన పెట్టగానే మాట్లాడుకునే జంటలు మూడు నుంచి ఐదు దొరికితే చాలు. అవే ప్రదర్శనకు కీళ్ళు. హాలంతా జంటలతో నింపితే నాలుగో జంట దగ్గరే చూసేవాడు చిత్రం చూడటం మానేసి పోలికలు వెతకడం మొదలుపెడతాడు. మిగిలిన చిత్రాల్లో ప్రతి ఒక్కరికీ కనీసం ఒక గోడ పూర్తిగా సొంతానికి వదలండి.

సంఖ్య సమానంగా ఉండాలని పట్టుబట్టే కమిటీ సభ్యుడు ప్రతిచోటా ఒకరుంటారు. పద్నాలుగు చిన్న ఎచింగులూ పద్నాలుగు పెద్ద క్యాన్వాసులూ సమానం కావని ఆయనకు కార్డులతో కాకుండా స్కేలు నమూనాతో చూపించండి. పక్కపక్కన చిన్న చిత్రాలు మూడు నాలుగు కలిపి ఒక గుత్తిగా కడితేనే ఒక పెద్ద క్యాన్వాస్‌కు ఎదురు నిలబడతాయి. కాబట్టి 17 ఎచింగులు, 10 క్యాన్వాసులు అన్న లెక్క 14, 14 కన్నా న్యాయంగా ఉండొచ్చు.

3. ఒప్పందం, హక్కులు, పేర్ల వరుస

పక్కన ఎవరు వేలాడబోతున్నారో ఇద్దరికీ మొదటి సమావేశంలోనే చెప్పండి. కరపత్రం అచ్చయ్యాక తెలిస్తే చిత్రాలు వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది, తప్పు కూడా వాళ్ళది కాదు.

పేర్ల వరుసకు ఒక నియమం పెట్టి ఒప్పందంలోనే రాసుకోండి. అకారాది క్రమమైతే ఇంటిపేరుతోనా, పేరుతోనా అన్నది కూడా తేల్చాలి, ఎందుకంటే వరుస మారిపోతుంది. ఆ నియమమే ఆహ్వానం, ఫ్లెక్సీ, కేటలాగు, వేదిక మీద శాలువా కప్పే వరుస దాకా నడవాలి.

చిత్రం కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు. 1957 కాపీరైట్ చట్టం కింద అది సాధారణంగా చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. కేటలాగు, పోస్టరు, పోస్టుకార్డు, సోషల్ మీడియా, ప్రతిదానికీ విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమని లెక్కిస్తుంది. చిత్రాన్ని పోస్టర్ కోసం ఒక అంచు కత్తిరించినా, దాని మీద అక్షరాలు వేసినా చిత్రకారుడు అభ్యంతరం చెప్పవచ్చు. ముందే నమూనా చూపించి సంతకం తీసుకోండి.

యజమాని గోడ మీంచి చిత్రం దించిన క్షణం నుంచి మళ్ళీ అదే గోడకు ఎక్కే దాకా బీమా ఉండాలి. "మ్యూజియం ఆవరణలో మాత్రమే" అన్న పాలసీ పనికిరాదు. చిత్రాలకు దెబ్బలు ఎక్కువగా తగిలేది వాహనంలోనూ మెట్ల మీదా. విలువను ముందే యజమానీ మ్యూజియమూ ఒప్పుకుని పాలసీలో రాయించాలి.

4. హాలు: ముందు టేపు, తర్వాత ఊహ

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం కట్టడానికి 1887లో శంకుస్థాపన జరిగింది. విక్టోరియా జూబిలీ మ్యూజియంగా పుట్టి 2020లో బాపు పేరుతో మళ్ళీ తెరుచుకుంది. ఇలాంటి పాత కట్టడాల్లో గోడకు డ్రిల్లు పెట్టాలన్న ఆలోచనే రానివ్వకండి. పాత సున్నపు గార కొట్టగానే పెచ్చులుగా రాలుతుంది, పైగా పురావస్తు, మ్యూజియంల శాఖ అనుమతి లేకుండా అక్కడ చెయ్యి వెయ్యడానికి లేదు. సొంతంగా నిలబడే ప్యానెళ్ళే దారి.

ప్యానెల్ లెక్క ఇది. ప్లైవుడ్ షీటు 8×4 అడుగులు. మూడు షీట్లు నిలువుగా పక్కపక్కన పెడితే 3.66 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు వస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లై రెండు వైపులా, మధ్యలో 40×40 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం ఫ్రేము, 60 సెంటీమీటర్లకొక నిలువు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాళ్ళకు కాగితం మీద గీసిస్తే చేసిపెడతారు. ఒంటరి ప్యానెల్‌ను తిన్నగా నిలబెట్టకండి, స్కూలు పిల్లలు ఆనుకుంటే ఊగుతుంది. రెండింటిని ఎల్ ఆకారంలోనో మూడింటిని జడ్ ఆకారంలోనో బోల్టులతో బిగిస్తే కాళ్ళు పొడుగ్గా చాచనవసరం ఉండదు. రంగు నీటి ఆధారిత ఎమల్షన్ రెండు కోట్లు వేసి, కనీసం వారం గాలి ఆడనివ్వండి. కొత్త ప్లై, కొత్త రంగు వదిలే ఆవిర్లు కాగితం మీది చిత్రాలకు మంచివి కావు.

ఇక ఎన్ని చిత్రాలు పడతాయో చూద్దాం. హాలు 18×9 మీటర్లనుకోండి. చుట్టుకొలత 54. తలుపులు, కిటికీలు, స్విచ్ బోర్డులు, మంటలార్పే సిలిండర్లు కలిపి 10 మీటర్లు పోతే 44. మూడు ప్యానెళ్ళ రెండు వైపులూ కలిపి సుమారు 22. మొత్తం 66. పరిచయ వచనానికి, మలుపుల్లో ఖాళీకి 6 మీటర్లు తీసేస్తే 60. సగటు వెడల్పు 1.1 మీటరు, సగటు ఎడం 0.9 అయితే 30 చిత్రాలు పడతాయి. మీరు 27 దగ్గర ఆగండి. ఆ మూడు చోట్ల ఖాళీ వేలాడదీసే రోజు అక్కరకొస్తుంది.

5. అమరిక

థర్మకోల్‌తోనో ఫోమ్ బోర్డుతోనో ఒకటికి ఇరవై స్కేలులో హాలు నమూనా చెయ్యండి: 18 మీటర్లు 90 సెంటీమీటర్లవుతుంది, 120 సెంటీమీటర్ల క్యాన్వాస్ 6 సెంటీమీటర్లవుతుంది. కన్ను నమూనా నేల దగ్గరకు దించి, వాకిలి లోంచి చూసినట్టు చూడండి. లోపలికి అడుగుపెట్టగానే మొదట ఎవరు కనిపిస్తున్నారు? ఒక్కరే కనిపిస్తే అమరిక మార్చండి. ముఖద్వారం ఎదుట మొదటి కీలు జంట పెట్టడం మంచి పరిష్కారం.

పద్ధతులు మూడు. ఒక సగం ఒకరికి, మరో సగం మరొకరికి ఇస్తే రెండు ఏకవ్యక్తి ప్రదర్శనలు ఒక టికెట్టుకు చూపినట్టే ఉంటుంది. మొత్తం కలగలిపితే ఎవరిది ఏదో తెలియక జనం లేబుళ్ళ చుట్టూ తిరుగుతారు. మేం చెప్పేది మూడోది: గోడలు చాలావరకు ఎవరివి వాళ్ళవే, మలుపుల్లో మాత్రం కీలు జంటలు.

"ఈ రెండూ కలిపి చూడండి" అని చెప్పేది లేబుల్ కన్నా ముందు ఎడం. జంట లోపల 40 నుంచి 50 సెంటీమీటర్లు వదలండి. జంటకూ పక్క చిత్రానికీ మధ్య 120 నుంచి 150 ఉంచండి. అన్నిటికీ ఒకే ఎడం ఇస్తే జంట అన్నది క్యూరేటర్ నోట్సులో మాత్రమే మిగులుతుంది.

పెద్ద పొరపాటు ఎదురెదురు గోడల్లో జరుగుతుంది. ఒకవైపు అద్దం వేసిన నలుపు తెలుపు ఎచింగులు, ఎదుటివైపు ఎర్రటి క్యాన్వాసులు పెడితే కాగితం మీద మనుషులకు బదులు ఎదుటి గోడ ఎరుపూ చూసేవాడి సొంత చొక్కా కనిపిస్తాయి. నమూనాలో ఇది తెలియదు, హాల్లోనే తెలుస్తుంది. వాటిని ఒకే గోడ మీద పక్కపక్కన పెట్టండి, లేదా ఎదుటి గోడ చీకటిగా ఉంచండి. ప్రతిబింబం తగ్గించే అద్దం వేయించగలిగితే మరీ మంచిది, ఖరీదు మాత్రం మామూలు అద్దానికి అందనంత దూరంలో ఉంటుంది.

గోడ రంగు తళతళలాడే తెలుపు వద్దు, దాని పక్కన పాత కాగితం పచ్చబడ్డట్టు కనిపిస్తుంది. లేత బూడిద రంగు ఇద్దరికీ నప్పుతుంది.

6. వెలుతురు: అసలు పేచీ ఇక్కడే

మ్యూజియంల వాడుక ప్రకారం కాగితం మీది పనులకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత), నూనె రంగులకు, ఆక్రిలిక్‌కు 200 లక్స్ దాకా. అంటే జంటలో ఒకరి మీద నాలుగింతలు వెలుతురు. అలాగే వదిలేస్తే క్యాన్వాస్ పండగలా ఉంటుంది, పక్కనున్న ఎచింగ్ కరెంటు పోయినట్టుంటుంది.

ఎక్కువున్నదాన్ని దించడమే పరిష్కారం, తక్కువున్నదాన్ని పెంచకూడదు. కీలు జంటల్లో క్యాన్వాస్‌ను 100 దగ్గర ఆపండి, కాగితాన్ని 50 దగ్గరే ఉంచండి. ఒకటికి రెండు తేడాను కన్ను పెద్దగా పట్టించుకోదు. హాలు మొత్తం వెలుతురు తగ్గించి, వాకిలి దగ్గర మూడు నాలుగు మీటర్ల మసక దారి ఉంచితే బందరు రోడ్డు ఎండలోంచి వచ్చిన కళ్ళు సర్దుకుంటాయి. ఆ దారి లేకపోతే 50 లక్స్ చీకటిగా తోస్తుంది, పర్యవేక్షకుడు జాలిపడి ట్యూబులైట్లు వేసేస్తాడు.

లెక్క ఎందుకు ముఖ్యమో చూడండి. 50 లక్స్‌లో రోజుకు 8 గంటలు, 60 రోజులు పెడితే కాగితం 24,000 లక్స్ గంటల వెలుతురు తింటుంది. 400 లక్స్ ట్యూబులైట్ల కింద అదే మోతాదు ఏడున్నర రోజుల్లో అయిపోతుంది. రంగు వెలిసిపోవడం వెనక్కి రాని నష్టం.

ఎల్ఈడీ దీపాలు 3000 నుంచి 3500 కెల్విన్ (కాంతి ఎంత పసుపో, ఎంత తెలుపో చెప్పే కొలత), రంగులను ఎంత నిజంగా చూపుతాయో చెప్పే నాణ్యతా సూచిక (సీఆర్ఐ) 90కి పైన ఉన్నవి కొనండి. తక్కువ సూచిక దీపం కింద ఎరుపు చచ్చిపోతుంది, వైకుంఠం లాంటివారి పనికి అదే ప్రాణం. దీపం నిలువు నుంచి 30 డిగ్రీల కోణంలో పడాలి: దీపం 3.6 మీటర్ల ఎత్తులో, చిత్రం మధ్య బిందువు 1.48 మీటర్ల ఎత్తులో ఉంటే గోడ నుంచి సుమారు 1.2 మీటర్ల దూరంలో దీపం ఉండాలి. ఇంకా దగ్గరైతే ఫ్రేము నీడ చిత్రం మీద పడుతుంది, ఇంకా దూరమైతే చూసేవాడి నీడే పడుతుంది. పడమటి కిటికీలు పూర్తిగా మూసేయండి. లక్స్ మీటరుతో చిత్రం మధ్యలో, నాలుగు మూలల్లో కొలిచి రాసిపెట్టండి. ఫోన్ యాప్‌ను నమ్మొద్దు.

7. ఎండ, తేమ, వరద

ప్రారంభం డిసెంబరు, జనవరిల్లో పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, తేమ. మే నెల సంగతి బెజవాడ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి వైపు ట్రాఫిక్ ఆంక్షల మధ్య చిత్రాల వాహనం తిప్పడం సాహసం. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవానికి వచ్చే పాఠకులు మీ ప్రేక్షకులు కూడా.

లోపలి తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండాలి. పగలు 20 డిగ్రీలకు ఏసీ బిగించి రాత్రి ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏసీ ఆగగానే తేమ ఎగబాకుతుంది, కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, క్యాన్వాస్ వదులై మళ్ళీ బిగుస్తుంది. రాత్రింబవళ్ళు 25, 26 దగ్గర ఉంచడం మేలు. తేమ 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. అద్దానికీ కాగితానికీ మధ్య కిటికీ మౌంటు (నడుమ కిటికీలా కోసిన అట్ట) ఉండాలి, లేకపోతే ఉబ్బిన కాగితం అద్దానికి అంటుకుపోతుంది. ఫ్రేము వెనక కింది మూలల్లో బెండు ముక్కలు అతికించి గోడకు ఒక సెంటీమీటరు ఎడం ఇవ్వండి.

ఖాళీ పెట్టెలు, ప్రదర్శనకు పెట్టని చిత్రాలు నేల అంతస్తులో ఉంచకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్ నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళు ఎంత త్వరగా వచ్చాయో ఊరికి గుర్తుంది.

8. తరలింపు

హైదరాబాద్ నుంచి అయితే సుమారు 275 కిలోమీటర్లు. ఆక్రిలిక్ రంగు వేడికి మెత్తబడి జిగురుగా మారుతుంది. ఆ సమయంలో బబుల్ ర్యాప్ నేరుగా తాకితే బుడగల గుర్తులు రంగు మీద శాశ్వతంగా పడతాయి. తాకే పొరగా సిలికోన్ పూత ఉన్న కాగితం వాడండి, లేదా మూలల్లో అట్ట గుబ్బలు తొడిగి పైపొర అసలు తాకకుండా చెయ్యండి. మూసిన వ్యాను మధ్యాహ్నం ఎండలో ఆపకండి, తెల్లవారుజామున బయల్దేరండి. చిత్రాలు నిలువుగా, ప్రయాణ దిశకు సమాంతరంగా ఉండాలి. వచ్చిన పెట్టెలు 24 గంటలు హాల్లోనే మూసి ఉంచి అప్పుడు విప్పండి.

కాగితాలు: డెలివరీ చలాన్ మీద "ప్రదర్శన కోసం, అమ్మకానికి కాదు" అని ఉండాలి. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఎలక్ట్రానిక్ పత్రం) సంగతి రవాణాదారుతో ముందే తేల్చుకోండి.

విప్పగానే స్థితి నివేదిక. ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు ఫొటోలు తీసి, టార్చి పక్కనుంచి వేసి చూస్తే పగుళ్ళు, ఉబ్బులు తేలుతాయి. ఇద్దరు సంతకం చెయ్యాలి.

9. వేలాడదీయడం

చిత్రం మధ్య బిందువు నేల నుంచి 148 సెంటీమీటర్లు, స్కూలు పిల్లలు ఎక్కువ వస్తే 142. కొక్కెం ఎత్తు సూత్రం: 148, దానికి చిత్రం ఎత్తులో సగం కలిపి, పై అంచు నుంచి రింగు దాకా ఉన్న దూరం తీసేయండి. 90 సెంటీమీటర్ల చిత్రానికి రింగు 12 కింద ఉంటే 148+45−12, అంటే 181. జంటలో సైజులు వేరైతే మధ్య బిందువులు కలపండి, పై అంచులు కాదు. ప్రతి చిత్రానికి రెండు కొక్కేలు, ఒక్కొక్కటీ బరువుకు మూడింతలు మొయ్యగలది.

ముందు అన్నీ గోడ వారగా ఫోమ్ ముక్కల మీద నిలబెట్టి ఒక పూట వదిలేయండి. నమూనాలో కుదిరింది రెండు మూడు చోట్ల ఇక్కడ కుదరదు. చిత్రకారులిద్దరినీ ఆ పూట పిలిస్తే ఒకే సమయానికి పిలవండి. విడివిడిగా పిలిస్తే ఒకరు మార్చింది మరొకరు మారుస్తారు.

10. తెలుగు లేబుళ్ళు

పరిచయ వచనం 150 పదాలు, కీలు జంటకు 60, మిగతావాటికి పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత. తెలుగు అక్షరాల సైజు 20 పాయింట్లకు తగ్గనివ్వకండి. వత్తులు పై వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచండి.

ఒకరికి 'గారు' రాసి మరొకరిని మరవడం, ఒకరు 'గీశారు' అయి మరొకరు 'గీశాడు' అవడం, స్త్రీ అయితే 'గీసింది' అనడం ఎక్కువగా దొర్లే తప్పులు. ఇద్దరికీ గారు తీసేసి, ఇద్దరికీ బహువచన క్రియ వాడటం శుభ్రంగా ఉంటుంది. "ఫలానావారి ప్రభావం" అన్న మాటను రుజువుంటేనే రాయండి. వయసులో చిన్నవారు శిష్యుల్లా కనిపించేది ఆ ఒక్క మాటతోనే.

డీటీపీ షాపుల్లో యూనికోడ్ పాఠాన్ని అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు, ముఖ్యంగా ర వత్తు, చెదురుతాయి. తెర మీద కాదు, అచ్చయిన కాగితం మీద అక్షరం అక్షరం చదవండి. గోడకు వినైల్ అక్షరాలు అతికించేట్టయితే 3 సెంటీమీటర్లకన్నా చిన్నవి వద్దు, పొర లాగేటప్పుడు సన్నని వత్తులు ఊడొచ్చేస్తాయి. చిన్న వచనానికి సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ పలక) మీద ప్రింటు మేలు. లేబుల్ చిత్రానికి కుడివైపు, 10 సెంటీమీటర్ల దూరంలో. జంటకు ఒకే లేబుల్ రెంటికీ మధ్యన కాకుండా జంట చివర పెట్టండి, మధ్యలో పెడితే జనం అక్కడే నిలబడి రెండు చిత్రాలకూ అడ్డమవుతారు.

11. తెరిచి ఉన్న రోజులు, దించే రోజు

ప్రారంభ దీపం హాలు బయట వెలిగించండి. నూనె, పొగ, ఫొటోగ్రాఫర్ల తోపులాట చిత్రాల మధ్య వద్దు. ఫ్లెక్సీలో అతిథుల ఫొటోలు చిత్రాల కన్నా పెద్దవి కాకూడదని ముందే రాసిచ్చి సంతకం తీసుకుంటే కొంత గొడవ తగ్గుతుంది.

ఉదయం తలుపు తీయగానే, సాయంత్రం వేసేముందు ప్రతి చిత్రాన్నీ ఒకసారి చూసి తేమ, ఉష్ణోగ్రత పుస్తకంలో రాయాలి. కాపలా సిబ్బందికి రెండు విషయాలు నేర్పితే చాలు: 60 సెంటీమీటర్ల గీత దాటనివ్వకూడదు, దుమ్ము పడ్డా, మరక పడ్డా తడిగుడ్డ పెట్టకూడదు, ఫోన్ చెయ్యాలి.

దించేటప్పుడు కాగితం మీది చిత్రాలు ముందు, క్యాన్వాసులు తర్వాత. వచ్చినప్పటి స్థితి నివేదిక చేతిలో పట్టుకుని అదే టార్చితో మళ్ళీ చూసి, తేడా ఉంటే యజమాని ముందే ఫొటో తీసి బీమా సంస్థకు అదే రోజు తెలపండి. పెట్టె మీద ఏ చిత్రం, ఏ దిశ పైకి అని రాసిన కాగితాలు చించకుండా ఉంచండి. ప్యానెళ్ళ బోల్టులు ఒక డబ్బాలో వేసి ఏ ప్యానెల్‌వో రాసి కడితే తర్వాతి ప్రదర్శనకు ఆటోనగర్ వెళ్ళనవసరం లేదు.